సముద్రతీరమున నద్దెయిల్లు

సెలవులలో హోటలున దిగుటకంటె ఇల్లద్దెకు దీసికొనుట చౌక యని పురుషులు లెక్క వేసి చూపుదురు. ఆ లెక్క తప్పు గాదు. అయితే మిగిలిన సొమ్ము ఎవరి చేతి కష్టమువలన మిగిలినదో అందులో గానరాదు. 2024వ సంవత్సరపు వేసవిలో ఫ్రాన్సు దేశమున నుద్యోగము చేయుచున్న మా మరిది యింటికి మేము పోయినప్పు డీ ప్రశ్నయే కలిగినది.

రోను నది ఆర్లు పట్టణమువద్ద రెండు పాయలై మధ్యధరా సముద్రమున గలియును. ఆ పాయల నడిమి భూమి కమార్గు. మన కోనసీమవలె నదియు వరి పండు డెల్టాయే. పొలమున నిలిపిన మంచినీరు నేలలోని యుప్పును గడిగివేయును. అక్కడి తెల్ల గుఱ్ఱములు ప్రసిద్ధములు. అవి పుట్టినప్పుడు నల్లగనో గోధుమవన్నెగనో యుండి, నాలుగైదేండ్లకు దెల్లబడును. వాని నెక్కి నల్లని పశువుల మందలను గాచువారిని గార్డియను లందురు. వారి సంఘము 1512లో నేర్పడినది.

సేంట్ మరీ ద ల మేర్ అను తీరగ్రామము చెంత నొక గార్డియను గుడిసెను పండ్రెండు దినముల కద్దెకు మాటలాడిరి. పూర్వము కాపరులు వసించిన యిట్టి యిండ్లు నేడు పెక్కు సెలవులకు వచ్చువారి కిచ్చుచున్నారు. సున్నము వేసిన పొట్టిగోడలు, రెల్లుకప్పు. ఉత్తరపు కొన గుండ్రముగా నుండి కిటికీ లేకుండును. మిస్త్రాలు అను ఉత్తరపుగాలి ఆ గుండ్రని గోడను దాకి ప్రక్కలకు జాఱిపోవును. మన యుత్తరకోస్తాలో చుట్టిండ్లను గట్టినవారికి నీ యుక్తి తెలిసినదే.

వంటయిల్లు మాత్రము మిక్కిలి చిన్నది. ఇంటిపని, కచేరిపని రెండును మోయు మా తోడికోడలు దానిని జూచి మాటాడక నిలిచినది. అప్పుడు మేము, "నలుగురము పెద్దలము, పండ్రెండు దినములు, తలకు మూడుదినముల వంట యైననే ఈ యిల్లు మనకు వలయును" అంటిమి. మావారు, "నలువదిమంది పిల్లల నదుపులో నుంచగలము గాని అన్నము వార్చుట మావలన గా"దనిరి. "అశ్వహృదయ మెఱిగిన నలుడే వంటయందును ప్రవీణుడు గదా! గుఱ్ఱముల దేశమునకు వచ్చి నలుని సగమే తలచుట న్యాయమా?" యని మేమడిగితిమి. వారు నవ్వి, బడిపంతులు గనుక, వెంటనే పట్టిక వ్రాసి తలుపునకు దగిలించిరి.

మొదటినాడు పప్పు అడుగంటినది. ఎవరును మాట యనక తినిరి. పిల్లలు గిన్నెలు తోమిరి. మా వంతు గాని యుదయములందు మేమును మా తోడికోడలును గుఱ్ఱము లెక్కి, త్రోవ చూపువాని వెంట ఇసుకపై మెల్లగా దిరిగితిమి. ముందువెనుకల నెత్తుగా నుండు జీనువలన వెఱపు త్వరలోనే తీఱినది. గుఱ్ఱముల రుసుమును, హోటలునకు బోక మిగిల్చిన సొమ్ములోనుండియే యిచ్చితిమి. అది మా కష్టార్జితమే గదా!

కావున సోదరీమణులారా, సెలవుల కిల్లు తీసికొనునప్పుడు అద్దె యెంత, నీళ్లెట్లు, దోమతెర లున్నవా యని విచారించుటతో బాటు, అందు వండువా రెవరని ముందే తేల్చుకొనుడు. సామాను దించిన పిదప నడుగుట కష్టము.

మా యింట ఇప్పుడు ఆదివారపు వంట మావారిది. పప్పు అప్పుడప్పు డడుగంటుచునే యున్నది. మేము మాత్రము పొయ్యివంక పోము.