ఎనిమిది వేస్తే ఘాటు రాదు

సెలవులకు ఊళ్లకు పోయేవాళ్లం శానామందిమి భాకరాపేట ఘాటు మీదుగా బండ్లమీదే పోతాం. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతికి వస్తున్న బస్సు లోయలో పడింది అక్కడే. లైసెన్సుకేమో చదును నేలమీద 8 వేయిస్తారు, అంతే. మన ఇండ్లల్లో బండెక్కిన మొదటి తరం మనమే. నేర్పుదామన్నా నాయనకు రాదు.

అందుకే హాస్టల్లో ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. బ్రేకు మలుపులోకి దిగినాక కాదు, ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే పట్టాలి. వంగిన బండికి ఇసుకమీద ముందు బ్రేకు పడితే చక్రం జారుతుంది. చూపు లోయమీద కాదు, మలుపు తీరే చోట ఉండాలి. కన్ను ఎటో బండీ అటే. కుడి మలుపులో నడిమి గీతకు ఆనుకుని వంగితే చక్రం మనవైపే ఉంటుంది గానీ తల ఎదురు బస్సు దారిలో ఉంటుంది.

పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దిగేవాళ్లు మనలో ఉన్నారు. మిగిలేది పదో పరకో! చిన్న గేర్లో ఉంటే ఇంజనే బండిని పట్టుకుంటుంది. లేకుంటే భారమంతా బ్రేకులమీదే, వేడెక్కి పట్టు వదుల్తాయి. ముగ్గురెక్కితే ఇంక చెప్పాల్నా?

ఆదివారం పొద్దున గ్రౌండులో సున్నంతో మలుపు గీసి నేర్చుకుంటున్నాం. చెల్లెళ్లూ, మీరూ రండి. హెల్మెట్ మర్చిపోవద్దు.