రాజుగారి దుప్పులు

ముప్పై ఏళ్లు కృష్ణా డెల్టాలో గేదెలకు కార్జపు జలగల మందు తాగించి రిటైరైనవాణ్ణి. చదువుకుంటున్న అమ్మాయిని చూడ్డానికి ట్యూరిన్ వెళ్లాను. "ఏం చూస్తావు నాన్నా?" అంటే "లా మాండ్రియా" అన్నాను.

"అక్కడేముంది?"

"జలగలు."

ఊరి పొలిమేరలోనే ఉంది ఆ వేట అడవి. చుట్టూ దాదాపు 30 కిలోమీటర్ల గోడ. 1865లో రెండో విక్టర్ ఇమ్మాన్యుయేల్ రాజు వేట సరదాకి అమెరికా నుంచి వాపిటీ దుప్పుల్ని తెప్పించాడు. వాటి కార్జాల్లో దాక్కుని ఇంకో జీవీ ఓడెక్కింది. కామెర్లు వచ్చి చిక్కి చస్తున్న దుప్పుల్ని కోసి చూసిన రొబెర్టో బస్సీ, 1875లో ఆ జలగకి 'మాగ్నా' అని పేరు పెట్టాడు. పెద్దది అని అర్థం. 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది మరి! పుట్టిల్లు అమెరికా, నామకరణం ఇటలీలో. బస్సీ మా పశువైద్య వృత్తివాడేనని చెప్పుకోవడం నాకో ముచ్చట.

కాలిబాట పక్కన బురద కాలవ కనబడగానే చతికిలబడ్డాను. ఆకు వెనక గోధుమరంగు నత్త, చిటికెనవేలి గోరంత. పెంటికల్లోంచి నీళ్లలో పడ్డ జలగ గుడ్డు పగిలి, పిల్ల దూరేది ఇలాంటి నత్తలోకే. అక్కడ ఒకటి వందలై బయటికొచ్చి, తోక ఊడగొట్టుకుని గడ్డికి అంటుకుంటాయి. తలెత్తితే అమ్మాయి గడ్డిపరక నములుతోంది.

"ఉమ్మెయ్!" అన్నాను. ఈ జాతి మనుషుల జోలికి రాదని తెలిసీ అరిచాను. అలవాటు.

సెప్టెంబరు కదా, చెట్ల వెనక మగదుప్పి రంకె. కాసేపటికి బయటికొచ్చింది, ఎర్రగా, నిగనిగలాడుతూ. ఎర్రదుప్పి కార్జంలో జలగలు జంటలుగా తిత్తులు కట్టుకుని కాపురముంటాయి. గుడ్లు పైత్యరసంతో పేగుల్లోకి జారతాయి. ఎక్కువైతేనే దుప్పికి ప్రమాదం. ఆవులో తిత్తి గోడ మందంగా మూసుకుపోతుంది, గుడ్డు బయటపడదు. పాపమల్లా గొర్రెది, రో జింకది. వాటిలో జలగ ఒకచోట ఆగదు, కార్జాన్ని తొలుచుకుంటూ తిరుగుతుంది. కొద్ది జలగలే ప్రాణం తీస్తాయి. గొర్రెల కాపరికి ఈ దుప్పి అందం ఏం కనబడుతుంది?

అది కాలవ దగ్గరికొచ్చి, నీళ్లు తాగి, తోకెత్తి పెంటికలు రాల్చి పోయింది.

"అయ్యో, ఫొటో తీసేలోగా వెళ్లిపోయింది నాన్నా!"

"దుప్పి పోతే పోయిందిలే," అన్నాను, "ఆ పెంటికలు తియ్యి, దగ్గరగా."