కొంగు ముడిలో ఉప్పు

మా అమ్మకి బీపీ 170 బై 100 ఉందని తెలిసిన రోజు ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ మాత్రలు రాసి, "ఉప్పు బాగా తగ్గించాలి, ఊరగాయ ముట్టుకోవద్దు" అంది. నేను తలూపాను. అమ్మ ఊపలేదు. జీపులో వస్తూ దారంతా మాట్లాడలేదు. ఇంటి ముందు దిగాక మాత్రం అడిగింది: "ఊరగాయ నేకపోతే అంబలి ఎలాగ దిగుద్దిరా?"

నేను పంతుల్ని కదా, జవాబు నాకు తెలుసనుకున్నాను. ఆ సాయంత్రమే ఊరగాయ సీసా, సంతలో కొన్న సాసు సీసా రెండూ పక్కింటికి ఇచ్చేశాను. పక్కింటివాళ్ళకి బీపీ ఉందో లేదో అడగలేదు. మర్నాడు కుళాయి నీళ్ళు పారే చోట గుబురుగా పెరిగిన పుదీనా కోసుకొచ్చి పచ్చడి చేశాను. నా భార్యకి ఉదయమే డ్యూటీ, అందుకని రోలు దగ్గర నేనే కూర్చున్నాను. ఉప్పు ఒక్క రవ్వ కూడా వెయ్యలేదు.

అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ళెం పక్కకి జరిపేసింది. "మేకకి మేత పెట్టినావేట్రా?"

నాకు కోపం వచ్చింది. నీ మంచికే కదా అన్నాను. అప్పుడు చెప్పింది తన చిన్ననాటి సంగతి. బుట్టెడు చింతపండు నెత్తిన పెట్టుకుని తెల్లారకముందే కొండ దిగేవారట. సంతలో షావుకారు ఆ బుట్ట తీసుకుని సోలెడు ఉప్పు కొలిచేవాడట, అదీ సోల నిండకుండా. ఆ ఉప్పుని వెదురు గొట్టంలో పోసి పొయ్యి మీద చూరుకి కట్టేవారు. వానాకాలంలో కరిగిపోతే ఇంట్లో చావు జరిగినంత బాధ. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. మా అమ్మ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే పుట్టింది. కానీ ఆ డిపో ఉప్పు మా ఊరికి అందేసరికి అమ్మకి పెళ్ళయిపోయింది. "ఉప్పు దొరకనప్పుడు తిన్నేదు. ఇప్పుడు దొరికితే నువ్వు తిననివ్వవు" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పాఠం చెప్పినట్టు చెబితే వినే విషయం కాదని అర్థమైంది.

తర్వాత ఆలోచించాను. ఊరగాయలో అంత ఉప్పు రుచి కోసం వెయ్యరు, ఏడాది పాడవకుండా ఉండడానికి వేస్తారు. ఆ పూట నూరి ఆ పూట తినే పచ్చడికి ఆ అవసరమే లేదు. ఉప్పు పూర్తిగా మానేయడం కూడా తప్పే. కొండ ప్రాంతాల్లో గొంతు వాపు రాకుండా అయోడిన్ ఉప్పు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు చాలంటుంది, అంటే అన్నీ కలిపి ఒక చిన్న చెంచాడు. మా ఇంట్లో నలుగురికి నూరే పచ్చడికే చెంచాడు పడేది. దాన్ని వారం వారం కొంచెంగా తగ్గించాను. ఇప్పుడు పావు చెంచా. నాలుక ఒక్కరోజులో ఒప్పుకోదు, నెలా రెండు నెలల్లో ఒప్పుకుంటుంది.

తగ్గిన ఉప్పు చోటులోకి ఏం రావాలో చెప్పింది మాత్రం అమ్మే. "వలిసెలు వేపి కొట్టు, పులుపు పెంచు" అంది. రెండు గుప్పెళ్ళ పుదీనా ఆకు, కాడలు తీసేసి. రెండు చెంచాల వలిసెలు నూనె లేకుండా చిటపటలాడేదాకా వేపాలి, మాడితే చేదు. చెంచా నూనెలో నాలుగు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేగాక పొయ్యి దించి, ఆ వేడిలోనే పుదీనా వాడ్చాలి. ఎక్కువ వేగితే వాసన పోతుంది. ముందు వలిసెలు, తర్వాత మిరపకాయలు, చివర పుదీనా నూరాలి. మామిడికాయల రోజుల్లో చిన్న పుల్లటి ముక్క, లేనప్పుడు చింతపండు. ఉప్పు ఆఖరున పైన చల్లి ఒక్కసారి కలపాలి. అప్పుడు నాలుకకి ముందు తగిలేది ఉప్పే, అందుకే కొంచెమైనా తెలుస్తుంది. ఉప్పు తక్కువ కాబట్టి రాత్రికి దాచొద్దు. టమాటా, చింతచిగురు కూడా ఇలాగే చేస్తున్నాను. టమాటాకి వలిసెలు అంతగా నప్పవు, నువ్వులు నయం.

తక్కువ సోడియం ఉప్పు అని ఒకటి అమ్ముతున్నారు. అందులో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి అది ప్రమాదం. డాక్టర్ని అడగకుండా కొనొద్దు. నేను కొనలేదు.

బడిలో ఐదో తరగతి పిల్లలకి దశాంశాలు చెప్పే రోజు వాళ్ళు తిని పారేసిన చిప్స్, ఊరగాయ ప్యాకెట్లే ఏరుకు రమ్మన్నాను. వెనకాల సోడియం అని ఉన్న అంకెని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. ఒక పిల్ల లెక్క చేసి, "మాస్టారూ, ఇది నాలుగు తింటే మీ అమ్మగారి రోజు మొత్తం దాటిపోద్ది" అంది. కుళాయి పక్కన పుదీనా కాడలు గుచ్చింది కూడా ఆ పిల్లలే. మేకలు రెండుసార్లు తినేశాయి, ఇప్పుడు కంప కట్టారు.

అమ్మ బీపీ పోయిన నెల 140 బై 90. మాత్ర మానలేదు, మానకూడదు. ఇప్పుడు పచ్చడి తనే నూరుతోంది, నా చేతి నూరుడు బరకగా ఉంటుందని వంక పెట్టి.

మొన్న అమ్మ చీర ఉతకడానికి తీస్తే కొంగు ముడిలో నాలుగు కల్లుప్పు గళ్ళు దొరికాయి. అంబలి తాగేటప్పుడు ఒకటి నాలుక మీద వేసుకుంటుందని అప్పుడు తెలిసింది. చీర ఉతికి ఆరేశాను. ఎండాక మూడు గళ్ళు తీసేసి, ఒకటి మళ్ళీ కొంగుకి ముడివేసి మడత పెట్టాను. అమ్మ అడగలేదు, నేనూ చెప్పలేదు.