హార్లెం వీధి, కత్తెర, జిగురు

న్యూయార్క్ నగరం, హార్లెంలోని లెనాక్స్ అవెన్యూకి ఇప్పుడు మాల్కమ్ ఎక్స్ బూలెవార్డ్ అనే పేరు కూడా ఉంది. దానికి దగ్గర్లోనే ఒక కమ్యూనిటీ హాలు. శనివారం పొద్దున వెళ్ళేసరికి బల్లల నిండా పాత పత్రికలు, ఇళ్ళ అమ్మకాల కరపత్రాలు, రంగు కాగితాలు. రిటైరైన ఉద్యోగులు, హైస్కూలు పిల్లలు పక్కపక్కనే కూర్చుని కత్తెర ఆడిస్తున్నారు. తమ వీధి గురించి, అందులో నల్లజాతి వాళ్ళ బతుకు గురించి కాగితం ముక్కలు అతికించి కొలాజ్ చెయ్యాలి.

గోడ మీద తెరపై నల్లజాతి చిత్రకారుడు రోమేర్ బేర్డెన్ చేసిన కొలాజ్ 'ది బ్లాక్' వేసి ఉంచారు. 1971 నాటి పని అది. ఆరు పలకలు, మొత్తం 18 అడుగుల పొడవు. మిత్రుడూ రచయితా అయిన ఆల్బర్ట్ మర్రీ అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి కనిపించే లెనాక్స్ అవెన్యూనే బేర్డెన్ కాగితం ముక్కల్లోకి దించారు. కొన్నిచోట్ల గోడలు తీసేసి ఇళ్ళ లోపలి బతుకునీ చూపించారు. చర్చి ముందు శవయాత్ర సాగుతుంటే, పైన దేవదూతలు ఆత్మను మోసుకుపోతుంటారు. మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో దీన్ని పెట్టినప్పుడు వీధి చప్పుళ్ళ టేపు కూడా వినిపించారట!

బేర్డెన్ 1911లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో పుట్టారు. పెరిగింది హార్లెంలో. ఏళ్ళ తరబడి నగర సంక్షేమ శాఖలో ఉద్యోగం చేస్తూనే బొమ్మలు వేశారు. 1963లో వాషింగ్టన్ పౌరహక్కుల ప్రదర్శనకి బస్సు మాట్లాడుకుందామని కలిసిన నల్లజాతి కళాకారులే 'స్పైరల్' బృందంగా ఏర్పడ్డారు. అందరం కలిసి ఒక కొలాజ్ చేద్దామని బేర్డెన్ అడిగితే మిగతావాళ్ళకి అంతగా ఆసక్తి లేకపోయింది. ఆయన ఒక్కరే మొదలుపెట్టారు. చిన్న కొలాజ్‌లను ఫొటోస్టాట్ తీయించి, పెద్దవి చేసి 1964లో ప్రదర్శించారు.

ఆయన చేసిన ముఖాలను దగ్గరగా చూడాలి. కన్ను ఒక ఫొటోలోది, నుదురు ఇంకో కాగితంలోది, చెంప ఒక ఆఫ్రికన్ ముసుగులోది. వాటి పక్కన చేతులు మామూలు కంటే ఎంతో పెద్దవి.

నేను కూర్చున్న బల్ల దగ్గర ఒక మాజీ నర్సు అలాంటి చేతులే అతికిస్తున్నారు. "నా సంసారాన్ని లాక్కొచ్చింది ఈ చేతులే. ముఖం కంటే ఇవే పెద్దగా ఉండాలి" అన్నారు. ఎదురుగా ఉన్న కుర్రాడు కొత్త ఫ్లాట్ల కరపత్రంలో నవ్వుతున్న మనుషులను ఒక్కొక్కరినే కత్తిరించి తీసేశాడు. ఆ ఖాళీల వెనక తన తాతయ్య, మేనత్తల ఫొటోలు పెట్టాడు. "ఈ కాగితంలో మా మెట్ల మీద కూర్చునేవాళ్ళు ఒక్కరూ లేరు" అన్నాడు. ఫొటోల అంచులు ఖాళీలకు సరిపోలేదు. మేనత్త భుజం పక్క ఫ్లాట్ కిటికీలోకి చొచ్చుకుపోయింది. వాడు దాన్ని అలాగే ఉంచాడు. నాకు చాలా నచ్చింది.

ఎవరిని చూపించాలి, ఎవరు చూపించాలి అన్న తగాదా ఇక్కడ పాతదే. 1969 జనవరిలో మెట్రోపాలిటన్ మ్యూజియం 'హార్లెం ఆన్ మై మైండ్' అనే భారీ ప్రదర్శన పెట్టింది. గోడల నిండా ఫొటోలే. హార్లెం చిత్రకారుల, శిల్పుల పనికి మాత్రం చోటివ్వలేదు. హార్లెం ముఖాలు కావాలి, హార్లెం చేతిపని అక్కర్లేదు అన్నట్టే కదా! కళాకారులు ప్లకార్డులు పట్టుకుని మ్యూజియం బయట నిలబడ్డారు. ఆ అవమానం చిన్నది కాదు. 'ది బ్లాక్' అదే మ్యూజియానికి చేరింది 1978లో.

మధ్యాహ్నం దాటాక అందరి కాగితాలూ వరసగా పేర్చి ఒక వీధి చేశారు. స్పైరల్ మిత్రులతో బేర్డెన్ చెయ్యాలనుకున్నదీ ఇలా అందరూ కలిసి చేసే పనే. మూల మీద ఏ కొట్టు రావాలన్న దగ్గర వాదన లేచింది. లిక్కర్ షాపు వద్దని ఒక పెద్దాయన, ఉన్నదాన్ని ఎలా దాస్తామని పిల్లలు. నర్సుగారు మధ్యలోకి వచ్చారు. "పెట్టండి. కానీ పక్కనే ఆస్పత్రి కూడా ఉండాలి. ఆ షాపు నుంచి వచ్చినవాళ్ళని రాత్రంతా చూసుకున్నది మేమే" అంటూ, ఆస్పత్రి బొమ్మ కోసం పత్రికల కట్ట ముందుకి లాక్కున్నారు.