కీసరగుట్ట కింద వంటబళ్ళు

ఈసీఐఎల్ చౌరస్తానుంచి కీసరకు పోయే రోడ్డు మా నాగారం నడిబొడ్డునుంచే పోతుంది. ఏడాది పొడుగునా ఆ రోడ్డుమీద పట్నానికి పరుగెత్తేవాళ్ళే ఎక్కువ. మహాశివరాత్రినాడు మాత్రం పట్నమే లేచి మా గుమ్మం ముందునుంచి కీసరగుట్టకు బయలుదేరుతుంది. ఇంత దగ్గర కాపురముండి ఆ ఉత్సవం చూడకపోవడమేమిటని మా ఆవిడ చాలాకాలంగా దెప్పుతోంది. అంచేత 2025 ఫిబ్రవరి 26, బుధవారం మధ్యాహ్నం మేము నలుగురం, అంటే నేను, మా ఆవిడ, కాలేజీ చదువుతున్న మా అమ్మాయి, బెజవాడనుంచి వచ్చిన మా అత్తగారు, కలిసి బయలుదేరాం.

నలుగురిలో ఆడవాళ్ళిద్దరికీ ఉపవాసం. నాకూ మా అమ్మాయికీ లేదు. “మీరు ఉపవాసం ఉండకపోతే పోనీండి, మా ఎదుట నములుతూ మాత్రం నిలబడకండి” అని మా ఆవిడ ముందుగానే శాసనం చేసింది.

ఆర్టీసీవారు ఆ రోజున ప్రత్యేకం బస్సులు వేస్తారు. 2023 డిసెంబరునుంచి తెలంగాణ ఆడవాళ్ళకు ఛార్జీ లేదు గదా, మా ఆవిడా, అమ్మాయీ ఆధార్ కార్డులు చూపి సున్నా టిక్కెట్లు పుచ్చుకున్నారు. ఆ బస్సు మొత్తంమీద రొక్కం పెట్టి టిక్కెట్లు కొన్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో! రాంపల్లి చౌరస్తా దాటేసరికి బస్సు నత్తనడక పట్టింది. అవుటర్ రింగురోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆ నడక కూడా మానేసింది. దిగి నడిచాం. నడిచినవాళ్ళే ముందు చేరారు.

గుట్టమీద రామలింగేశ్వరుడు. రావణుడు బ్రాహ్మణుడు కాబట్టి, ఆ హత్యాదోషం పోగొట్టుకోవడానికి రాముడు ఇక్కడ లింగప్రతిష్ఠ తలపెట్టాడట. లింగం తెమ్మని హనుమంతుణ్ణి కాశీకి పంపాడట. ముహూర్తం మించిపోతుంటే శివుడే ప్రత్యక్షమై లింగం ఇచ్చాడు. నూటొక్క లింగాలు మోసుకుని వచ్చిన హనుమంతుడికి పని అయిపోయిందని తెలిస్తే మండదూ? అన్నింటినీ విసిరికొట్టాడు. గుట్టమీద ఎక్కడపడితే అక్కడ కనిపించే లింగాలు అవేనంటారు. జనం వాటిమీద నూనె, పసుపు పోస్తూనే ఉన్నారు. హనుమంతుడి తండ్రి కేసరి పేరుమీద ఇది కేసరిగిరి అయి, వాడుకలో కీసర అయిందని స్థలపురాణం.

పురాణం సంగతి అలా ఉంచి, తెలుగు పాఠం చెప్పుకు బతికే నాకు ఈ గుట్ట మరో కారణంచేత తీర్థం. విష్ణుకుండినుల కాలంనాటి ఇటుక కట్టడాలు ఇక్కడ పురావస్తుశాఖవారి తవ్వకాల్లో బయటపడ్డాయి. అంతకంటె ముఖ్యం, ఒక బండమీద బ్రాహ్మీలిపిలో “తొలుచువాండ్రు” అనే మాట చెక్కి ఉంది. అయిదో శతాబ్దం నాటిదని పరిశోధకులు చెబుతారు. రాళ్ళు తొలిచే పనివాళ్ళని దానికి అర్థం. రాజు పేరూ లేదు, దానధర్మాల ఊసూ లేదు. మనకు దొరికిన బహుప్రాచీనమైన తెలుగు మాటల్లో అదొకటి. క్లాసులో ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఏటేటా కొంచెం గొంతు పెరుగుతుంది.

దర్శనమై కిందికి దిగేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అప్పుడు చూశాను వంటబళ్ళను.

పూర్వం జాతరలకు తడికల హోటళ్ళు వెలిసేవి. ఇప్పుడు హోటలే చక్రాలమీద వస్తోంది. చిన్న లారీల వీపులు కోసి, పక్కరేకు పైకెత్తితే పందిరిలా నిలిచేటట్టు అమర్చి, లోపల గ్యాసు పొయ్యిలు, స్టీలు బల్లలు, రంగురంగుల దీపాలు పెట్టారు. ఇది అమెరికా సరుకని మా అమ్మాయి చెప్పింది. 1866లో టెక్సాస్‌లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి మంద వెంట నడిచే కాపరులకోసం ఒక బండిని వంటిల్లుగా మార్చాడట. 2008లో లాస్ ఏంజెలెస్‌లో రాయ్ చోయ్ అనే ఆయన కొరియా మాంసం కూర మెక్సికో రొట్టెలో పెట్టి బండిమీద అమ్మి పేరు తెచ్చుకున్నాడట. సరే, ఇవన్నీ తిండి తినేవాళ్ళ మధ్య చేసిన వ్యాపారాలు. ఇక్కడ జనంలో చాలామందికి ఉపవాసం! పస్తున్నవాళ్ళ మధ్యకు పదిహేడు వంటబళ్ళు తోలుకొచ్చిన ధైర్యం ఏ అమెరికావాడికీ ఉండదు.

కొందరికి ఆ ధైర్యం చెల్లలేదు. మోమోలు, బర్గర్లు అని రాసిన బండి కుర్రవాడు చక్రంమీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. పదకొండు గంటలకు అతనే ఎక్కణ్ణించో మొక్కజొన్న పొత్తులు తెచ్చి ఉడకబెట్టడం మొదలుపెట్టాడు. మిరపకాయ బజ్జీల బండి వెనక మాత్రం నాబోటి ఉపవాసంలేని మగవాళ్ళు చీకట్లో గుంపుగా నిలబడ్డారు. నేనూ మా అమ్మాయీ అటు వెళ్ళి రెండేసి తిన్నాం. నూనె నల్లగా ఉంది. నీళ్ళసీసామీద ముద్రించిన ధరకు అయిదు రూపాయలు ఎక్కువ పుచ్చుకున్నారు. పళ్ళాలు, గ్లాసులు, అరటితొక్కలు కాళ్ళకింద మడమలోతు. ఇన్ని దీపాలు పెట్టినవాళ్ళు నాలుగు చెత్తడబ్బాలు పెట్టలేకపోయారు.

వరసలో పన్నెండో బండి దగ్గర నా చూపు బోర్డుమీద ఆగింది. “సగ్గుబియ్యం ఖిచిడీ, ఉడికించిన కందగడ్డ, పండ్లు, పాలు, చాయ్. రేపు ఉదయం నాలుగు గంటలనుంచి ఇడ్లీ, ఉప్మా, పూరీ.” ఒక్క అచ్చుతప్పు లేదు! మిగతా పదహారు బోర్డులూ మా విద్యార్థుల జవాబుపత్రాల్లా ఉన్నాయి.

“నమస్తే సార్! గుర్తుపట్టిండ్రా?” అంది లోపల్నించి ఒకామె.

పన్నెండేళ్ళ కిందట నా దగ్గర బి.ఏ. చదివిన పిల్ల. తరవాత తెలుగు ఎం.ఏ., ఆపైన బి.ఎడ్. కూడా అయింది. ఒక ప్రైవేటు బడిలో చెప్పేది. 2020లో కరోనాకు బళ్ళు మూతపడ్డప్పుడు ఆ ఉద్యోగం పోయింది, మళ్ళీ రాలేదు. డ్రైవరు పని చేసే భర్తా తనూ కలిసి పాత బండి అప్పుమీద కొన్నారు. మూడేళ్ళుగా జాతరలకు తిరుగుతున్నారు.

“మీరు చెప్పిన తొలుచువాండ్రు బండ ఈ గుట్టమీదనే గద సార్? మూడేండ్ల సంది వస్తున్న. ఒక్కసారన్న పైకి ఎక్కనీకి తీరలే” అంది గరిటె తిప్పుతూ.

ఏం చెప్పాలో తోచక ఖిచిడీ ఎంతని అడిగాను. ప్లేటు యాభై రూపాయలు. మా ఆవిడకు ఒకటి, అత్తగారికి ఒకటి చెప్పాను. మా అత్తగారు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

“ఉల్లిపాయ ముట్టిన గరిటె కాదుగదమ్మా?”

“కాదమ్మమ్మా. గిన్నెలు కూడ వేరే. రేపు పొద్దుగాల్లదాక ఉల్లిగడ్డ బండి ఎక్కది.”

“అయితే ఉపవాసంనాడు కంద ఏమిటి, విడ్డూరం?”

నేను కల్పించుకోవలసి వచ్చింది. కృష్ణా తీరంలో కంద అంటే దురద పుట్టించే ఆ పెద్ద దుంప. ఇక్కడ కందగడ్డ అంటే మన చిలగడదుంప. రాయలసీమకు పోతే అదే గెనుసుగడ్డ. మా అత్తగారు ఒక ముక్క కొరికి, “పేరేదైతేనేం, బాగా ఉడికింది” అని తీర్పు చెప్పారు.

రద్దీ తగ్గినప్పుడు ఆ అమ్మాయి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. వెనక రెండు పెద్ద డ్రమ్ముల నిండా ఇడ్లీ పిండి ఉంది. రాత్రి అమ్మకాలతో స్థలం అద్దె, గ్యాసు ఖర్చు మాత్రం వస్తాయి. బండి కిస్తీ కట్టాలంటే తెల్లవారుజామున ఉపవాసం విడిచేవాళ్ళు కావాలి. “పన్నెండు కాంగనే అందరు బస్సులెక్కి పోతే పిండి పులిసిపోతది సార్. పోయినేడు గట్లనే ఒక డ్రమ్ము పారబోసినం.”

పన్నెండింటికి లింగోద్భవ కాలం. గంటలు, శంఖాలు, శివనామంతో గుట్టంతా కదిలినట్టయింది. ఆ తరవాత ఆమె భయపడ్డట్టే జనం రోడ్డువైపు జారడం మొదలుపెట్టారు. దేవుడి దగ్గరికి వెళ్ళి, జనాన్ని ఇంటికి పోనీయవద్దని కోరుకోవడం భావ్యమా? నేను కోరుకున్నాను. రెండింటికి వరసలో సగం దీపాలు ఆరిపోయాయి. ఆమె భర్త స్టీరింగుమీద తల ఆన్చి నిద్రపోయాడు. ఆమె మాత్రం ఇడ్లీ పాత్రలకు గుడ్డలు తడిపి పెట్టుకుంటోంది.

కాసేపటికి వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాసాగారు. కింద రోడ్డుమీద బళ్ళు చిక్కుబడిపోయి ఒక్క చక్రం కదలడం లేదట. విసుక్కుంటూ దుప్పట్లు పరుచుకుని ఇక్కడే పడుకున్నారు.

నాలుగు దాటాక, కుళాయిల దగ్గర స్నానాలు చేసి, మళ్ళీ గుడిముఖం చూసి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే బండి ముందు నిలబడ్డారు. అయిదింటికి బారు బజ్జీల బండిదాకా సాగింది. ప్లేటు నలభై. అంత జనంలో ఫోన్లకు సిగ్నలు అందక క్యూఆర్ కోడుతో పని జరగలేదు, చిల్లరకు కటకట. మా అమ్మాయి డబ్బు పుచ్చుకోవడానికి కూర్చుంది. మా ఆవిడ చట్నీ వడ్డించింది. నన్ను చీట్ల నంబర్లు పిలవమన్నారు. ఇన్నేళ్ళుగా హాజరు పిలిచే అలవాటున్నవాణ్ణి, గొంతెత్తి పిలిచాను. కాలేజీలో ఏనాడూ నా పిలుపుకు ఇంత చురుగ్గా పలికినవాళ్ళు లేరు!

ఎనిమిదింటికి ఒక డ్రమ్ము పూర్తిగా, రెండోది సగానికి ఖాళీ అయ్యాయి. ఎండ ముదిరింది, జనం పలచబడ్డారు. ఆ అమ్మాయి డబ్బు రెండుసార్లు లెక్కపెట్టింది.

“కిస్తీకి సరిపోతది సార్. చేతిల మాత్రం ఏం మిగలదు.”

మిగిలిన పిండిని పక్క ఊళ్ళో తెలిసినవాళ్ళకు ఇచ్చేస్తామన్నాడు భర్త. ఫాల్గుణంలో యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలున్నాయి, బండి అక్కడికి పోతుందట. ఆమె అప్పుడే తడిగుడ్డతో బోర్డు తుడిచి, సుద్దముక్క పట్టుకుని నావైపు తిరిగింది.

“సార్, పులిహోరకు ‘హో’ దీర్ఘమేనా?”

“దీర్ఘమే” అన్నాను.

“ఎలా రాసినా ఇంగువ మాత్రం మరిచిపోకమ్మాయ్” అన్నారు మా అత్తగారు, బస్సువైపు నడుస్తూ.