సాక్చి మీది ఆకాశం

జంషెడ్‌పూర్‌లో సాక్చి అంటే నేడొక గోల్ చక్కర్, దాని చుట్టూ అంగళ్లు, ఆటోల రద్దీ. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అది సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమానికి చేరువలో, అడవి నడుమ ఒదిగిన చిన్న పల్లె. 1904లో ప్రమథనాథ బోసు అనే భూగర్భశాస్త్రజ్ఞుడు జంషెట్జీ టాటాకు ఒక లేఖ రాశాడు. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప రాయి ఉన్నదని అందులోని సారాంశం. ఆ లేఖ ఫలితంగానే చివరకు ఈ పల్లె పక్కన కొలుములు వెలిశాయి. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ బయటికి వచ్చింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెట్జీ పేరు పెట్టాడు. సాక్చి పేరు ఒక పేటకు మిగిలింది.

నేలలోని ఇనుముతో ఎదిగిన ఊరు ఇది. అయితే ఇనుము ఆకాశం నుంచి కూడా రాలుతుంది. 1621లో జలంధర్ దగ్గర పడిన లోహఖండాన్ని జహంగీరు పాదుషా తెప్పించి, కమ్మరిచేత కత్తులు చేయించాడు. వట్టి ఉల్కాలోహం సుత్తిదెబ్బకు నిలవలేదు. మూడు పాళ్ల ఉల్కాలోహానికి ఒక పాలు మామూలు ఇనుము కలిపితే గాని పని జరగలేదని పాదుషా తన స్మృతుల్లో రాసుకున్నాడు. తెలుగునాటా అటువంటి ఘటన ఉంది. 1870 జనవరి 23న నాటి విశాఖపట్టణం జిల్లాలోని నెడగొల్లలో నాలుగు కిలోలకు పైబడిన ఇనుప ఉల్క పడింది. మనుషులు చూస్తుండగా పడి, చేతికి చిక్కిన ఇనుప ఉల్కలు ప్రపంచమంతటా లెక్కించినా యాభైకి అటూ ఇటూగా మాత్రమే ఉంటాయి.

సాక్చి పరిసరాలు కూడా ఈ చరిత్రకు దూరం కావు. సాక్చి ఒకప్పుడు భాగమైన బీహారులోనే, గయ దగ్గరి షేర్‌ఘాటీలో 1865 ఆగస్టు 25న ఒక రాయి పడింది. అది అంగారక గ్రహం నుంచి వచ్చినదని శాస్త్రజ్ఞులు గ్రహించడానికి శతాబ్దానికి పైగా పట్టింది. 2003 సెప్టెంబరు 27 సాయంకాలం ఒడిశా తీరం మీదుగా ఒక అగ్నిగోళం దూసుకుపోయి, కేంద్రపడా ప్రాంతంలో శకలాలు రాల్చింది.

అగ్నిగోళాన్ని వేలమంది చూస్తారు. రాయి ఎక్కడ పడిందో మాత్రం చెప్పలేరు. వంద కిలోమీటర్ల అవతల పడిన దాన్ని పక్క పొలంలో పడిందనుకోవడం మనిషి కంటికి సహజం. ఈ లోపాన్ని కెమెరా సరిదిద్దింది. ఒక కెమెరా దిక్కును మాత్రమే చూపుతుంది. దూరంగా ఉన్న మరో కెమెరా అదే కాంతిని పట్టుకుంటే రెండు చూపురేఖలూ కలిసి దారి తేలుతుంది. పాత కెమెరాల్లో కటకం ముందు తిరిగే రెక్క వెలుగుగీతను సెకనుకు ఇన్ని ముక్కలుగా కోసేది. ఆ ముక్కల పొడవును బట్టి వేగాన్ని లెక్కగట్టేవారు. కాంతి ఆరిపోయాక రాయి ఇంకా ఎన్నో కిలోమీటర్లు చీకట్లో, గాలివాటున రాలుతుంది. పై గాలుల లెక్క కూడా కలిపినప్పుడే వెతకవలసిన నేల ఏదో తెలుస్తుంది.

1959 ఏప్రిల్ 7న చెకొస్లొవేకియాలోని ప్రిషిబ్రామ్ దగ్గర ఇది మొదటిసారి ఫలించింది. ఓండ్రెయోవ్ వేధశాల చిత్రాల ఆధారంగా జ్దెనెక్ చెప్లెఖా రాళ్లు పడిన చోటునే కాక, అవి సూర్యుని చుట్టూ తిరిగిన కక్ష్యను కూడా గణించాడు. అంతవరకు ఉల్క అంటే చిరునామా లేని ఉత్తరం. ఆనాటి నుంచి దానికి పంపినవారి ఊరు కూడా తెలియసాగింది.

అయినా పని సులభం కాలేదు. అమెరికాలోని 16 కేంద్రాల ప్రెయిరీ వ్యవస్థ 1975లో మూతపడేదాకా దాదాపు పదేళ్లు శ్రమించి ఒకే ఒక్క ఉల్కాపాతపు రాళ్లను రాబట్టింది. అది 1970 జనవరిలో లాస్ట్ సిటీ దగ్గర పడింది. కెనడా వ్యవస్థకు 1977లో ఇన్నిస్‌ఫ్రీ ఒక్కటే దక్కింది. అంకాత్మక కెమెరాలు వచ్చాక పరిస్థితి మారింది. 2016లో మొదలైన ఫ్రాన్సు వ్యవస్థ, దేశమంతటా సుమారు వంద కెమెరాలను వేధశాలల మీదే గాక విద్యాసంస్థల, మ్యూజియంల కప్పుల మీద కూడా అమర్చింది. నగరపు వెలుగు చిన్న నక్షత్రాలను మింగుతుంది గాని, శుక్రుని కంటె ప్రకాశించే అగ్నిగోళాన్ని మింగలేదు.

కనుక కొలిమి కాంతిలో మెరిసే సాక్చి కూడా ఈ పనికి తగినదే. ఎనభై కిలోమీటర్ల ఎత్తున వెలిగే అగ్నిగోళం రెండు మూడు వందల కిలోమీటర్ల దూరానికి కూడా దిక్చక్రానికి పైనే కనిపిస్తుంది. 2003లో జూబిలీ పార్కు దగ్గర ఒక కెమెరా ఉండి, ఆకాశం నిర్మలంగా ఉండి ఉంటే, కేంద్రపడా వెలుగు దాని కంట పడేదే.

సాక్చికి అసలు చిక్కు నేల మీద ఉంది. శతాబ్దానికి పైగా ఉక్కు కరిగించిన ఊరి చుట్టుపక్కల నల్లగా, బరువుగా, తుప్పు రంగులో కనిపించే రాయి చాలావరకు ఇనుప చిట్టెమే అయి ఉంటుంది. ప్రపంచమంతటా ఉల్కలని పొరబడి జనం తెచ్చే వాటిలో చిట్టెం ముందు వరుసలో నిలుస్తుంది. చిట్టెంలో బుడగల గుంతలు ఉంటాయి. సాధారణ ఉల్కలో అవి దాదాపు కనిపించవు. దాని పైన కాలిన సన్నని నల్లని పెంకు, లోపలి లోహంలో నికెలు ఉంటాయి. ఆ నికెలును తేల్చగల విద్య ఈ ఊళ్లోనే ఉంది. 1950లో నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధనశాల బర్మామైన్సులో పనిచేస్తున్నది. ఇక దేశంలో రాలిన ఉల్కలను భద్రపరిచేది జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. సాక్చి కథకు నాంది పలికిన బోసు ఒకప్పుడు ఉద్యోగం చేసింది ఆ సంస్థలోనే.

దొరికిన రాయికి కాలమే పెద్ద శత్రువు. 2015 నవంబరులో ఆస్ట్రేలియాలోని ఐర్ సరస్సు బురదలో దిగబడిన ఒక ఉల్కను అక్కడి శాస్త్రజ్ఞులు కెమెరాల లెక్క ఆధారంగా చేరుకుని, సంవత్సరాంతాన, భారీ వర్షం ముంచుకు వచ్చే ముందు చేతులతో తవ్వి తీశారు. ఛోటానాగపూర్ వానలు అంతకంటె కనికరం చూపవు. ఒక్క వర్షాకాలం తడిస్తే లోపలి లోహం తుప్పు పట్టసాగుతుంది, శాస్త్రజ్ఞుడు చదవదలచిన అక్షరాలు చెరిగిపోతాయి. అందుచేత ఇటువంటి రాయి కంటబడినవారు దానిని కడగరాదు, పగలగొట్టరాదు. అయస్కాంతం ఆనించినా అందులోని పురాతన అయస్కాంత ముద్ర చెడుతుంది. పడిన చోటే ఫొటో తీసి, శుభ్రమైన పొడి సంచిలో ఉంచి, చోటునూ వేళనూ రాసి సర్వే అధికారులకు అప్పగించడం మేలు. అది చిట్టెమే అని తేలినా పోయేదేమీ లేదు. సాక్చి చరిత్రలో అదీ ఒక ముక్కే.