సిగ్నల్ లేని అడవిలో కారు చెప్పిన దారి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం కారులో వెళ్లినవాళ్లకి ఈ సీన్ తెలిసే ఉంటుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటుతాం. రెండు మలుపులు తిరిగేసరికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా మాయం. పాట ఆగిపోతుంది, వాట్సాప్ ఆగిపోతుంది. వెనక సీట్లోంచి ‘‘ఇంకెంత దూరంరా?’’ అన్న ప్రశ్న మాత్రం ఆగదు.

మొన్నామధ్య ఒక ఆదివారం అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు మాకూ అదే అయింది. నా కారు సెకండ్ హ్యాండ్, 2018 మోడల్. డ్యాష్‌బోర్డు మధ్యలో ఏడంగుళాల తెర, అందులో కంపెనీ పెట్టిచ్చిన నావిగేషన్. కొన్న ఏడాదిలో దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. చేతిలో ఫోన్ ఉండగా ఆ పాత తెర ఎవడిక్కావాలి అనుకునేవాడిని.

తుక్కుగూడ దగ్గర ఔటర్ దిగి కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు దాకా ఫోనే దారి చూపించింది. అక్కడ టీకి ఆగాం. నేను చేసిన తప్పల్లా టీ తాగుతూ ఫోన్‌లో మ్యాప్ మూసేయడం. నిజానికి ముందే మొదలుపెట్టిన రూటు సిగ్నల్ పోయినా కొంతసేపు నడుస్తుంది. మూసేసి, అడవిలోకి వెళ్లాక మళ్లీ వెతికితే మాత్రం తెల్ల తెర మీద నీలి చుక్క ఒక్కటే మిగులుతుంది. మనం ఎక్కడున్నామో ఫోన్‌కి తెలుసు, చుట్టూ ఏముందో తెలీదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయం చెబుతూ సంకేతాలు పంపుతుంటాయి. కనీసం నాలుగింటి నుంచి అందితే చాలు, మన స్థానం లెక్క తేలిపోతుంది. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకి, వెతుకులాటకి, ట్రాఫిక్ సమాచారానికి. కారులో ఇచ్చే సిస్టమ్‌లో మ్యాప్ మొత్తం మెమరీ కార్డులోనే ఉంటుంది. అందుకే నల్లమలలో ఫోన్ చేతులెత్తేసినా కారు తెర మీద బాణం గుర్తు హాయిగా ముందుకు కదులుతూ కనిపించింది.

ఇంకో సంగతి. కొన్ని కార్లలో ఈ సిస్టమ్ ఉపగ్రహాల మీదే ఆధారపడదు. చక్రం ఎన్నిసార్లు తిరిగింది, కారు ఎటు మళ్లింది అన్నది కూడా లెక్కేస్తుంది. సొరంగంలో కూడా బాణం నడిచేది అందుకే. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1981లోనే హోండా జపాన్‌లో ఉపగ్రహాల ఊసే లేకుండా, గైరోస్కోపు సాయంతో, పారదర్శకమైన మ్యాప్ షీట్లు తెర ముందు పెట్టి నడిపే పరికరాన్ని కారులో అమర్చింది.

ఇంతవరకూ పొగిడాను కదా, ఇక నా కార్డు వయసు సంగతి. శ్రీశైలం అని కొడితే ఏమీ రాలేదు. ‘శ్రీ’ తర్వాత ఖాళీ ఉంచి కొడితే అప్పుడు వచ్చింది, అదీ కర్నూలు జిల్లాలో. శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి వెళ్లింది 2022 ఏప్రిల్‌లో. నా కారుకి ఆ కబురు ఇంకా అందలేదు. ఇక ఊళ్ల పేర్లు పలకడం గురించి చెప్పనే అక్కర్లేదు. వటవర్లపల్లిని అది పలికిన తీరుకి అమ్మ పావుగంట నవ్వింది.

ఆ నవ్వులోనే అడిగింది, ‘‘మల్లెలతీర్థం ఇక్కడే కదరా? ఎటు తిరగాలో చూడు’’ అని. నేను బండి ఆపలేదు. స్టీరింగ్ మీద ఒక చెయ్యి, తెర మీద ఒక వేలు. మొదటి అక్షరం, రెండో అక్షరం, మూడో అక్షరం తప్పు పడింది, చెరిపాను.

‘‘ముందు చూడురా!’’

నాన్న అరుపుకి బ్రేక్ తొక్కాను. రోడ్డు మధ్యలో కోతుల గుంపు. ఒకటి పిల్లని పొట్టకి కరుచుకుని అలాగే కూర్చుంది. దానికీ బంపర్‌కీ మధ్య మహా అయితే మూడడుగులు. కాసేపు కారులో ఎవరం మాట్లాడలేదు. కోతి తీరిగ్గా లేచి వెళ్లిపోయింది.

తర్వాత లెక్క వేసుకున్నాను. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. మూడు అక్షరాలు కొట్టడానికి మూడే సెకన్లు అనుకున్నా 42 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. చేతిలో ఫోన్ లేదు కాబట్టి నేను పద్ధతిగానే ఉన్నానని నా నమ్మకం. మన మోటారు వాహన నిబంధనల్లో కూడా 2020 అక్టోబర్ నుంచి, డ్రైవింగ్‌లో ఫోన్‌ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడాలని ఉంది. ధ్యాస చెదరడానికి ఫోనే అక్కర్లేదని, డ్యాష్‌బోర్డులో బిగించిన తెరైనా చాలని ఆ కోతి పిల్ల నేర్పింది. కొన్ని కార్లలో బండి కదులుతుంటే టైపింగ్ పనిచేయదు. ఇన్నాళ్లూ అదో చిరాకు ఫీచర్ అనుకునేవాడిని.

నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా రిటైరయ్యారు. కారు నడపడం రాదు. తెరని తనవైపు కొంచెం వంచుకుని, ‘‘ఇగ ఇది నా పని. నువ్వు రోడ్డు సంగతి చూడు’’ అన్నారు. అక్కడి నుంచి మా నావిగేటర్ ఆయనే. ‘‘ముంగట పెద్ద మలుపుంది, జర మెల్లగ’’ అని తెర చూసి చెబుతుంటే, ఊళ్ల పేర్లు కూడా సరిగ్గా వినిపించాయి.

అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో ఎదురైంది.

దర్శనం క్యూలో అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. బయటపడేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఈ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి వాహనాలు వదలరు. అది పులుల అభయారణ్యం, రాత్రి ఆ రోడ్డు జంతువులది. మనం తొమ్మిదిలోపు దోమలపెంట గేటు చేరాలి. నాకేమో సోమవారం ఉదయం పదింటికి ఆఫీసులో రిలీజ్ కాల్. ఎలాగైనా ఇల్లు చేరాలి.

దోమలపెంట అని నాన్న కొట్టారు. 8.49కి చేరతామంది తెర. పదకొండు నిమిషాలు మిగులుతాయి, చాలు అనుకున్నాను.

సున్నిపెంట దాటాక ఆ టైమ్ 8.52 అయింది. ఘాట్‌లో ఒక బస్సు వెనక చిక్కుకున్నాక 8.55. లింగాలగట్టు దగ్గర, డ్యాం దీపాలు కనిపిస్తుండగా 8.59. నేను బస్సుని దాటడానికి చోటు వెతుకుతున్నాను. అరచేతులు చెమటపట్టాయి. అమ్మ వెనక సీట్లో ఏదో స్తోత్రం చదువుకుంటోంది.

‘‘అది ఇంకా 8.59 అంటోంది నాన్నా. దాటేయొచ్చు’’ అన్నాను.

‘‘పావుగంట సంది అది టైమ్ పెంచుతనే ఉన్నది. ముంగట ఇంకా ఘాటెక్కాలె. ఆ గేటు సంగతి దానికేం ఎరుక?’’ అన్నారు నాన్న.

ఇదే మాట ఆఫీసులో ఎవరైనా అని ఉంటే నేనే ముందు ఒప్పుకునేవాడిని. రోజూ ఒక రోజు వెనక్కి జరిగే డెడ్‌లైన్‌ని ఏ ఇంజినీరు నమ్ముతాడు? నెట్ లేని నావిగేషన్‌కి ట్రాఫిక్ తెలీదు. ఈ రకం రోడ్డు మీద ఇంత వేగం అని ముందే రాసిపెట్టిన అంకెతో భాగిస్తుంది. ఎదురుగా బస్సుందని, ఘాట్‌లో పొగమంచుందని, చివర్లో ఒక గేటు ఉందని దానికి తెలియదు. దాని అంచనాని నిజం చేయడానికి నేను ప్రాణాల మీదకి తెచ్చుకుంటున్నాను, వెనక సీట్లో అమ్మని పెట్టుకుని.

వెడల్పుగా ఉన్న చోట బండి పక్కకి తీసి వెనక్కి తిప్పాను. ‘యూ టర్న్ తీసుకోండి’ అని అది ఇంగ్లీషులో నాలుగుసార్లు మొత్తుకుంది. నాన్న వాల్యూమ్ తగ్గించేశారు.

సున్నిపెంటలో ఒక గది దొరికింది. రెండు మంచాలు, ఒక ఫ్యాన్. ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. ‘రాత్రి అడవి దారి మూసేశారు, రేపటి కాల్ నువ్వు చూసుకో’ అని టీమ్‌లో స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. ‘సరే, ప్రసాదం తేవడం మర్చిపోకు’ అని ఒక్క నిమిషంలో జవాబు. దీనికోసమా అంత కంగారు పడ్డాను అనిపించింది.

తెల్లారి గేటు తెరిచే సమయానికి బండ్ల వరసలో ఉన్నాం. అడవిలోకి వెళ్లిన కాసేపటికి నాన్న చెయ్యి పైకెత్తారు. బండి మెల్లగా ఆపాను. నాలుగు చుక్కల జింకలు రోడ్డు దాటాయి. తెర మీద ఆ చోట ఆకుపచ్చ రంగు, మధ్యలో ఒక గీత. అంతే.

మీరూ వెళ్తుంటే నాలుగు మాటలు. గమ్యం ఇంటి దగ్గరే పెట్టేయండి. ఫోన్‌లో ఆ ప్రాంతం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కారు మ్యాప్‌కి అప్‌డేట్ ఉందేమో సర్వీసింగ్‌లో అడగండి. దారిలో ఏమైనా వెతకాలంటే పక్కనున్నవాళ్లకి అప్పగించండి, ఎవరూ లేకపోతే బండి ఆపండి.

ఇంటికొచ్చాక నా కార్డు కూడా అప్‌డేట్ చేయించాను. శ్రీశైలం ఇప్పుడు నంద్యాల జిల్లాలోనే ఉంది. గేటు మాత్రం కొత్త మ్యాప్‌లోనూ లేదు. అందుకే మన్ననూరు దగ్గర ఒకటి, దోమలపెంట దగ్గర ఒకటి నేనే గుర్తులు పెట్టి సేవ్ చేసుకున్నాను. రెండింటికీ పేరు నాన్న చెప్పిందే: ‘గేటు, రాత్రి 9’.